‘కుదుటపడటం’: బైపోలార్ రుగ్మతలో దైనందిన జీవనసామర్థ్యం, చికిత్సాఫలితం – అహోబిలం, ఆళ్లగడ్డ పరిసరాల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

బైపోలార్ రుగ్మతకు చికిత్స పొందినవారిలో లక్షణాలు తగ్గడం, దైనందిన జీవితం మళ్ళీ గాడిన పడటం ఒకే సమయంలో జరగవు. మొదటిది వారాల్లో సాధ్యమైతే, రెండవది ఏళ్ళు గడిచినా పూర్తి కాకపోవచ్చు. ఈ ఎడాన్ని తెలుగు నుడి ‘కుదరడం’, ‘కుదుటపడటం’ అన్న మాటల్లో ముందే గుర్తించింది. వలసపాలన నాటి పిచ్చాసుపత్రులు, లిథియం రాక, ఆలయవాసం, అంగవైకల్య ధ్రువీకరణ అనే ఘట్టాలలో ‘కోలుకోవడం’ అన్నదానికి కొలమానం ఎలా మారుతూ వచ్చిందో నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ, అహోబిలం ప్రాంత జీవనాన్ని ఆధారం చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బైపోలార్ రుగ్మత, జీవనసామర్థ్యం, కుదురు, లిథియం, అహోబిలం, పారువేట, ఐడియాస్ కొలమానం.

1. ప్రవేశిక: మూడు క్రియాపదాలు

తెలుగులో జ్వరం తగ్గుతుంది, పుండు మానుతుంది, పిచ్చి కుదురుతుంది. ‘రోగం కుదర్చడం’ అన్న ప్రయోగం పూర్వం అన్ని వ్యాధులకూ ఉన్నదే అయినా, నేటి వాడుకలో ఈ క్రియ ప్రధానంగా మతికి సంబంధించిన సందర్భాలలోనే నిలిచింది. ‘తిక్క కుదిరింది’ అన్న నిందావాక్యం అందుకు నిదర్శనం. కుండ కదలకుండా దాని అడుగున ఉంచే గడ్డిచుట్టను ‘కుదురు’ అంటారు. నోరు-నోట, ఏరు-ఏట వలె కుదురు-కుదుట అన్నది ఔపవిభక్తిక రూపం. కనుక ‘కుదుటపడటం’ అంటే కుండ తన కుదురు మీదికి తిరిగి చేరడం. కుండ పగలకపోవడం ఒక విషయం, దొర్లిపోకుండా నిలబడటం మరొక విషయం. ఈ పదం రెండవదాన్నే చెబుతోంది.

‘పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి’ అన్న సామెతను సాధారణంగా హాస్యానికి వాడతారు. అందులోని తర్కాన్ని గమనించాలి. తనకు నయమైందని చెప్పేది ఆ మనిషే. నయం కాలేదని విన్నవారికి తెలిసేది అతని మాటల తీవ్రతను బట్టి కాదు, ఇంట్లో నిత్యం వాడే వస్తువుతో అతడు చేయబోయే పనిని బట్టి. రోకలి దంచడానికా, తలకు చుట్టుకోవడానికా అన్న వివేకమే ఇక్కడ పరీక్ష. ఆధునిక మనోవైద్యం ‘దైనందిన జీవనసామర్థ్యం’ అని పేరుపెట్టి ప్రశ్నావళులతో కొలుస్తున్నది ఈ వివేకాన్నే.

ఈ విషయం బైపోలార్ రుగ్మత దగ్గర మరింత ముఖ్యమవుతుంది. ఇందులో ఉద్రేకోన్నతి (మేనియా), కుంగుబాటు దశలు వచ్చిపోతుంటాయి. మధ్యకాలంలో రోగి బయటికి మామూలుగానే కనిపిస్తాడు. ‘బాగానే ఉన్నాడు’ అన్న నిర్ధారణకు వైద్యుడూ, బంధువులూ, ప్రభుత్వమూ తొందరపడేది ఈ మధ్యకాలంలోనే.

2. ఒకే వ్యాధికి రెండు ముఖాలు

చరకసంహితలో ఉన్మాదం అయిదు విధాలు. నవ్వడం, పాడటం, ఆడటం వాతజానికీ, ఒకచోటనే మౌనంగా ఉండిపోవడం కఫజానికీ లక్షణాలుగా చెప్పబడ్డాయి. అవి వేర్వేరు రకాలేగాని ఒకే వ్యాధి దశలు కావు. పాశ్చాత్యంలో ఈ రెండింటినీ ఒకే చక్రంగా స్పష్టంగా వర్ణించినవారు ఫ్రాన్సుకు చెందిన ఫాల్రే, బయార్జేలు. ఇద్దరి ప్రతిపాదనలూ 1854లోనే వెలువడ్డాయి. జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ 1899లో ‘మేనిక్ డిప్రెసివ్ ఉన్మాదం’ అన్న పేరుతో దీన్ని స్కిజోఫ్రెనియా (ఆయన మాటలో డిమెన్షియా ప్రీకాక్స్) నుంచి వేరు చేశాడు. ఆయన వేరు చేసిన ప్రాతిపదిక లక్షణాలకన్నా ఎక్కువగా ఫలితం. ఒకటి మనిషిని క్రమంగా క్షీణింపజేస్తుందనీ, రెండవది వచ్చిపోతూ మధ్యలో మనిషిని మనిషిగా మిగులుస్తుందనీ ఆయన భావన. ఈ ఆశావాదం దాదాపు ఒక శతాబ్దం నిలిచింది. దశ ముగిస్తే మనిషి పూర్వస్థితికి వచ్చినట్లేనన్న నమ్మకానికి మూలం ఇక్కడ ఉంది.

3. పనే చికిత్స, పనే కొలత

కర్నూలు నవాబు పాలన 1839లో అంతమై ఆ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడింది. అహోబిలం నాటి శిరివెళ్ల తాలూకాలోని గ్రామం. యాదృచ్ఛికమే అయినా, భారతదేశంలో పిచ్చాసుపత్రుల చట్టం వచ్చింది కూడా 1858లోనే. తిరుగాడే ఉన్మత్తులను పోలీసులు పట్టి మేజిస్ట్రేటు ముందు నిలపడం, ఆయన ఉత్తర్వుతో ఆసుపత్రికి పంపడం ఆ చట్టం ఏర్పరచిన మార్గం. ఆసుపత్రులు మాత్రం దూరం. మద్రాసులో 1794లో వాలెంటైన్ కొనొలీ ప్రారంభించిన సంస్థకు వారసురాలైన కీల్పాక్ ఆసుపత్రి 1871లో మొదలైంది. విశాఖపట్నంలోని ఆసుపత్రి కూడా అదే సంవత్సరానికి చెందినది. నైజాం రాజ్యపు ఆసుపత్రి చాలాకాలం జాల్నాలో ఉండి 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు మారింది. నల్లమల అంచున ఉన్న ఒక కుటుంబానికి ఇవేవీ అందుబాటులో లేవు. ఊళ్ళో అలజడి సృష్టించినవాడు మాత్రమే ఈ మార్గంలో ప్రయాణం చేస్తాడు. మంచం దిగని మనిషి, నెలల తరబడి పలకని కోడలు ఏ మేజిస్ట్రేటు దృష్టికీ రారు. వలసపాలన పత్రాలలో ఈ వ్యాధికి ఒక ముఖమే కనిపించడానికి ఇది ముఖ్యకారణం.

ఆ ఆసుపత్రుల లోపల రోగులకు తోటపని, నేత, తాడు పేనడం వంటి పనులు అప్పగించేవారు. పని చికిత్సగా భావించబడింది. సంస్థకు ఆదాయం కూడా. వార్షిక నివేదికలలో రోగులను ‘నయమైనవారు’, ‘మెరుగుపడినవారు’, ‘మెరుగుపడనివారు’ అని వర్గీకరించేవారు. మందులు లేని ఆ కాలంలో ఈ వర్గీకరణకు అందుబాటులో ఉన్న ప్రత్యక్షసాక్ష్యం రోగి పనిచేస్తున్నాడా, తిండీ నిద్రా క్రమంగా ఉన్నాయా అన్నదే. దీన్ని మెచ్చుకోవలసిన పనిలేదు. బందిఖానాలో చేయించిన పని ఇంటి పనికి సమానం కాదు. గోడల మధ్య పనిచేయగలిగినవాడు ఊరికి తిరిగివచ్చి అప్పు తీర్చగలడా, పెళ్ళిపందిట్లో నలుగురితో కూర్చోగలడా అన్నవి ఆ నివేదికలు అడగని ప్రశ్నలు. అయినా, కోలుకోవడాన్ని పనితో ముడిపెట్టిన ఆ మొరటు కొలమానం తరువాతి యుగంలో పూర్తిగా మరుగునపడింది.

4. లిథియం తెచ్చిన మార్పు

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియం లవణాన్ని మేనియా రోగులకు ఇచ్చి ఫలితాన్ని ప్రకటించాడు. 1954లో డెన్మార్కులో మోగెన్స్ షూ ఆ ఫలితాన్ని నియంత్రిత పరీక్షతో బలపరిచాడు. నెలల తరబడి సాగే ఉద్రేకం వారాలలో అణగడం మొదలైంది. అప్పటినుంచి చికిత్సాఫలితం అంటే లక్షణాల పట్టికలో అంకె తగ్గడం, దశ పునరావృతం కాకపోవడం.

ఆంధ్రప్రాంతంలో ఈ మార్పు గ్రామానికి చేరడం ఆలస్యమైంది. కర్నూలు వైద్యకళాశాల 1950వ దశకంలో ప్రారంభమైంది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. దానికి జిల్లా నమూనాను బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ 1980వ దశకంలో కర్నూలుకు పొరుగున ఉన్న బళ్ళారిలో రూపొందించింది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల వైద్యులకు శిక్షణనిచ్చి మందును ఊరి దగ్గరకు చేర్చడం ఆ నమూనా బలం. 1996లో దేశంలో జిల్లా కార్యక్రమం నాలుగు రాష్ట్రాలలో మొదలైనప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైనది మెదక్. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం బైపోలార్ రుగ్మత ఉన్నవారిలో సుమారు 70 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవన్నది పరిశోధకులు గుర్తుంచుకోవలసిన అంశం.

5. కోలుకోవడంలో రెండు మెట్లు

మందుల యుగం ఆశను మొదట ప్రశ్నార్థకం చేసినవి దీర్ఘకాల అధ్యయనాలు. అమెరికాలో మారిసియో టోహెన్ బృందం మొదటిసారి మేనియాతో ఆసుపత్రిలో చేరిన 166 మందిని అనుసరించి 2003లో ఫలితాలు వెలువరించింది. రెండేళ్ళలో 98 శాతం మందిలో వ్యాధిదశ ముగిసింది. మునుపటి ఉద్యోగస్థాయికీ, నివాసస్థితికీ తిరిగి చేరినవారు మాత్రం 43 శాతమే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న 55 శాతం మంది వైద్యపత్రాలలో కోలుకున్నవారు, ఇంటిలెక్కలో కోలుకోనివారు. క్రేపెలిన్ ఆశావాదానికి ఇంతకన్నా సూటి సమాధానం లేదు.

ఈ ఎడానికి కారణాలు ఒకటికాదు. లూయిస్ జడ్ బృందం 2002లో ప్రకటించిన అధ్యయనంలో 146 మందిని సగటున 12.8 ఏళ్ళు గమనించగా, దాదాపు సగం వారాలలో (47.3 శాతం) ఏవో లక్షణాలు కొనసాగుతూనే ఉన్నాయి. వాటిలో అత్యధికం కుంగుబాటువే. ఇవి ఆసుపత్రికి వెళ్ళేంత తీవ్రమైనవి కావు, పొద్దున లేవనీయనివి మాత్రమే. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మందగించడం మరొక కారణం. మందు దుష్ఫలితాలు ఇంకొకటి. ఆళ్లగడ్డ రాతిశిల్పానికి పేరు. లిథియం వాడేవారిలో కొందరికి చేతులు సన్నగా వణుకుతాయి. గుమాస్తాకు అది చిన్న ఇబ్బంది. దేవతామూర్తి కంటిరెప్పను చెక్కే చేతికి అదే జీవనాధారం పోవడం. లక్షణాల పట్టికలో ఇద్దరికీ ఒకే అంకె వస్తుంది.

2007లో స్పెయిన్‌లోని బార్సిలోనా పరిశోధకులు రూపొందించిన ‘ఫాస్ట్’ కొలమానం ఈ లోపాన్ని పూరించే ప్రయత్నం. 24 ప్రశ్నలలో స్వతంత్రంగా మెలగడం, ఉద్యోగం, గ్రహణశక్తి, ధనవ్యవహారం, మానవసంబంధాలు, విరామకాలం అనే ఆరు రంగాలను అది పరిశీలిస్తుంది. ధనవ్యవహారం ప్రత్యేక రంగంగా ఉండటం ఈ రుగ్మత స్వభావాన్ని ఎరిగి చేసిన పని. మేనియాలో అమ్మిన పొలం, చేసిన అప్పు, హామీసంతకం మందుతో తిరిగిరావు. ‘విరామకాలం’ అన్న రంగం మాత్రం కూలిపనితో గడిచే కుటుంబానికి యథాతథంగా అన్వయించదు. అక్కడ జాతరకు వెళ్ళడం, శుభకార్యంలో వడ్డనకు నిలబడటం వంటివి అడగవలసి ఉంటుంది.

6. అహోబిలం: ఊరి లయ, మందు లయ

ఇంతవరకు చూసినది చికిత్స జీవనసామర్థ్యాన్ని ఎంతవరకు తిరిగి ఇస్తుందన్న కోణం. సంబంధం రెండవ దిశలోనూ ఉంది. దైనందిన క్రమం చికిత్సాఫలితాన్ని నిర్ణయిస్తుంది. పిట్స్‌బర్గ్‌కు చెందిన ఎలెన్ ఫ్రాంక్ రూపొందించిన ‘సామాజిక లయ చికిత్స’కు ఆధారం ఈ ఆలోచనే. నిద్రలేచే వేళ, మొదటిసారి మనిషితో మాట్లాడే వేళ, భోజనం, పని, పడక వేళలు క్రమబద్ధంగా ఉంటే శరీరంలోని కాలయంత్రం స్థిరపడుతుందనీ, అవి చెదిరితే కొత్త దశ మొదలవుతుందనీ ఆమె ప్రతిపాదన. 2005లో వెలువడిన ఆమె బృందం పరీక్షలో 175 మంది పాల్గొన్నారు. తీవ్రదశలో ఈ చికిత్స పొందినవారు తరువాతి రెండేళ్ళలో మరొక దశ రాకుండా ఎక్కువకాలం నిలిచారు. అంతకుముందే 1987లో థామస్ వేర్ తదితరులు నిద్ర తగ్గడం మేనియాకు దారితీసే అనేక కారణాలు కలిసే అంతిమ మార్గమని వాదించి ఉన్నారు.

ఈ వ్యాసానికి అహోబిలం చికిత్సాక్షేత్రంగా కాక, జనజీవితపు వేళలను నిర్ణయించే ఊరుగా ముఖ్యం. ఎగువ, దిగువ అహోబిలాలలో నిత్యసేవల వేళలతో గుడిని ఆశ్రయించిన కుటుంబాల రోజు మొదలై ముగుస్తుంది. అర్చకులు, పూల వ్యాపారులు, సత్రాలవారు, వాహనచోదకులు, అందరి గడియారమూ గుడిగంటే. కనుమనాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన గ్రామాలలో సంచరిస్తాడు. చెంచులక్ష్మిని వరించిన స్వామి తన పెళ్ళికి చెంచులనూ పల్లెప్రజలనూ పిలవడానికి స్వయంగా బయలుదేరాడన్నది స్థానికుల విశ్వాసం. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలతో ఆ పర్యటనకు పూర్తి. ఏ ఊరికి ఏ రోజు పల్లకి వస్తుందో ముందే తెలుసు. ఇల్లు అలకడం, బంధువులను పిలవడం, వంట, పల్లకి మోయడం, ప్రతి ఇంటికీ అందులో వంతు ఉంటుంది. కుంగుబాటులో ఉన్న మనిషికి ‘నీ వంతు పని ఇది’ అని ఏటా చెప్పే వ్యవస్థ విలువైనది. ఏ ప్రశ్నావళీ అవసరం లేకుండానే నిరుడు చేసినవాడు ఈ ఏడు చేయలేకపోవడం ఊరి దృష్టికి వస్తుంది.

అయితే అదే ఉత్సవం రాత్రి జాగారం కూడా. వాహనసేవలు, భజనలు, ఊరేగింపులతో వరుసగా కొన్ని రాత్రులు నిద్ర తెగితే, బైపోలార్ స్వభావం ఉన్నవారిలో భక్త్యావేశమూ వ్యాధ్యావేశమూ పక్కపక్కనే మొదలుకావచ్చు. రెండింటినీ విడదీసే గుర్తు అప్పటికప్పుడు దొరకదు. ఉత్సవం ముగిశాక అందరూ నిద్రపోతుండగా నిద్ర అవసరం లేనట్లు తిరిగే మనిషిని బట్టి తెలుస్తుంది. తేడా కనిపించేది ఆవేశంలో కాదు, మరుసటి రోజు పనిలో.

లిథియం విషయంలో ఊరి భౌగోళికం కూడా ప్రధానమే. రక్తంలో దాని మోతాదు లీటరుకు సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీమోళ్ల మధ్య ఉండాలి. అంతకు చాలా మించితే విషం. చెమటతో నీరు, ఉప్పు కోల్పోయినా, ఉపవాసంలో నీరు మానినా మోతాదు పెరుగుతుంది. నంద్యాల ప్రాంతపు ఎండలు రాష్ట్రంలోనే తీవ్రమైనవి. మే నెలలో ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహ గుహకు కొండ ఎక్కే యాత్రికుడికీ, మిరపచేలో రోజంతా వంగి పనిచేసే కూలీకీ ఇది వర్తిస్తుంది. కొన్ని నెలలకొకసారి రక్తపరీక్ష తప్పనిసరి. అందుకు పట్టణానికి పోవాలి, ఆ రోజు కూలి పోతుంది. ఆరోజు కూలి వదులుకోగల స్థితి ఉన్నవాడికే ఆ మందు సురక్షితం. జీవనసామర్థ్యం చికిత్సకు ఫలితమే కాదు, షరతు కూడా. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభం కావడాన్ని ఈ కోణం నుంచి కూడా చూడాలి. ప్రయాణం తగ్గితే మందు మానేవారు తగ్గుతారు.

7. గుడి వరండాలో దినచర్య

నరసింహ, ఆంజనేయ క్షేత్రాలలో మతిస్థిమితం తప్పినవారిని మండలకాలం ఉంచడం దక్షిణదేశంలో పాత ఆచారం. యాదగిరిగుట్టలో ప్రదక్షిణలు, చిత్తూరు ప్రాంతపు తెలుగువారు వెళ్ళే షోళింగర్ ఘటికాచలంలో కొలను స్నానం అందుకు ఉదాహరణలు. దీన్ని మూఢత్వమని కొట్టివేయడం, మహిమగా కీర్తించడం, రెండూ శ్రమలేని పనులే. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రఘురామ్, వెంకటేశ్వరన్, జయశ్రీ రామకృష్ణ, మిచెల్ వైస్ ప్రకటించిన పరిశోధన శ్రమపడి చేసినది. తమిళనాడులోని ఒక ఆలయంలో ఉన్న 31 మందిని వారు పరిశీలించారు. వారిలో ఇద్దరు మేనియా దశలో ఉన్న బైపోలార్ రోగులు. సగటున ఆరు వారాల నివాసంలో లక్షణాల అంకె సుమారు 20 శాతం తగ్గింది. మందులు లేవు, ప్రత్యేక క్రతువులూ లేవు. ఉదయం పూజ, తరువాత ఊడవడం, మొక్కలకు నీళ్ళు పోయడం వంటి తేలికపనులు, పక్కనే కుటుంబసభ్యుడు. ఇద్దరు రోగుల నుంచి బైపోలార్ రుగ్మత గురించి సాధారణ సూత్రం చేయలేము. కాని అక్కడ పనిచేసింది క్రమమైన రోజు, తోడు మనిషి అన్న అనుమానం బలమైనదే.

మరొకవైపు 2001 ఆగస్టు 6న ఏర్వాడి దర్గా పరిసరాల్లోని ఒక ప్రైవేటు గృహంలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో కట్టి ఉన్న 28 మంది కాలిపోయారు. ఒక దినచర్యలో మనిషి మొక్కకు నీళ్ళు పోస్తున్నాడు, మరొకదానిలో స్తంభానికి కట్టబడి ఉన్నాడు. మతవిశ్వాసం రెండుచోట్లా ఉంది. తేడా దినచర్యలోనే.

8. చట్టం, ధ్రువపత్రం, పింఛను

కొలమానం మార్పు చట్టాల నిర్వచనాలలో స్పష్టంగా చదవవచ్చు. 1912 చట్టానికి ‘ఉన్మత్తుడు’ అంటే మతి స్థిరంగా లేనివాడు. 1987 చట్టానికి మానసిక వ్యాధిగ్రస్తుడంటే చికిత్స అవసరమైనవాడు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన నిర్వచనాలలో మొదటిసారిగా జీవితపు సాధారణ అవసరాలను తీర్చుకునే శక్తి ప్రస్తావన వచ్చింది. నూటయాభై ఏళ్ళకు పైగా ప్రయాణం చేసి చట్టం రోకలి సామెత దగ్గరకు చేరుకుంది.

ఈ శక్తిని కొలిచే సాధనం ‘ఐడియాస్’. భారతీయ మనోవైద్యుల సంఘం రూపొందించగా, కేంద్రప్రభుత్వం 2002లో అధికారికంగా ప్రకటించింది. స్వీయసంరక్షణ, పరస్పర సంబంధాలు, సంభాషణ-అవగాహన, పని అనే నాలుగు అంశాలకు సున్నా నుంచి నాలుగు వరకు అంకెలు వేసి, వ్యాధి కాలపరిమితికి మరికొన్ని కలుపుతారు. ‘పని’ కింద ఉద్యోగం, ఇంటిపని, చదువు, మూడింటిలో వర్తించేది తీసుకోవచ్చు. గృహిణి శ్రమను పనిగా గుర్తించిన ప్రభుత్వపత్రాలు అరుదు కనుక ఇది గమనార్హం. 40 శాతం లేదా అంతకు మించి ఉంటేనే ధ్రువపత్రం. ఆంధ్రప్రదేశ్‌లో అది సదరం శిబిరాల ద్వారా వస్తుంది. 2024 జూలై నుంచి దివ్యాంగుల నెలసరి పింఛను 6,000 రూపాయలు.

చిక్కు ఇక్కడే ఉంది. పోగొట్టుకున్న కాలు శిబిరం రోజునా, మరునాడూ ఒకేలా ఉంటుంది. బైపోలార్ రుగ్మత అలా ఉండదు. శిబిరానికి ఒంటరిగా బస్సెక్కి వచ్చి, శుభ్రమైన బట్టలతో వరుసలో నిలబడి, అడిగినదానికి సమాధానం చెప్పగలిగిన మనిషి, ఆ శక్తివల్లనే అనర్హుడిగా కనిపిస్తాడు. ఏడాదిలో నాలుగు నెలలు మంచానికే పరిమితమై, రెండు నెలలు అప్పులు చేసి, మిగిలిన ఆరు నెలలు ఆ అప్పులకు సంజాయిషీ చెప్పుకునే జీవితంలో ఏ రోజును కొలవాలి? గత రెండేళ్ళలో ఎన్ని నెలలు వ్యాధి ఉన్నదో లెక్కించి ఈ చిక్కును తీర్చవచ్చు. ఆ లెక్కకు ఆధారం రోగితో కలిసి బతికేవారి మాట. వ్యవసాయ కుటుంబంలో ఆ మాట చెప్పవలసినవారు శిబిరం రోజున పొలంలో ఉంటారు. వైద్యచీటీలో ‘స్థిరంగా ఉన్నాడు’ అన్న రెండు మాటలు మాత్రం ఎప్పుడూ వెంట ఉంటాయి. అవి లక్షణాల గురించి రాసినవి, చదివేవారు వాటిని జీవితం గురించి చదువుతారు.

2025లో రాష్ట్రంలో దివ్యాంగ పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు ధ్రువపత్రాల శాతాలు తిరిగి చర్చకు వచ్చాయి. అనర్హులను తొలగించడం ప్రభుత్వ ధర్మమే. కాని వచ్చిపోయే వ్యాధికి ఒక రోజు పరీక్ష పెట్టినప్పుడు తప్పు రెండువైపులా జరుగుతుంది. మందు మానివేసి దిగజారినవాడు ఆరోజు అర్హుడవుతాడు. మందు వాడి అతికష్టం మీద నిలదొక్కుకున్నవాడు అనర్హుడవుతాడు, అతని మందుల ఖర్చును, రక్తపరీక్ష రోజున పోయే కూలిని ఇంతవరకు ఆ పింఛనే భరిస్తూ వచ్చి ఉండవచ్చు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సుచార్జీ కూడా అందులోదే.